నెగ్లిజెన్స్ అంటే నిర్లక్ష్యమేనా?

ఓఎంఆర్ షీట్‌లో ఒక గడి బదులు పక్క గడి దిద్దితే ‘సిల్లీ మిస్టేక్’. ఇంట్లో మోటార్ ఆపడం మర్చిపోయి ట్యాంక్ పొంగిపోతే ‘కేర్‌లెస్ ఫెలో’. ఆఫీసులో మెయిల్‌కి రెండు రోజులు జవాబివ్వకపోతే ‘నెగ్లిజెన్స్’. ఫ్రెండ్ పంపిన మెసేజ్‌కి బ్లూ టిక్ పడి రిప్లై రాకపోతే ‘నన్ను నెగ్లెక్ట్ చేస్తున్నావ్’. ఇవన్నీ వినీ వినీ విసుగొచ్చాక మనం అనే మాట ‘లైట్ తీస్కో’.

నాది ఇంగ్లిష్ వార్తల్ని తెలుగు చేసే ఉద్యోగం. మిగతా మాటల సంగతేమో గానీ, రోజుకి నాలుగైదు సార్లయినా నా కంప్యూటర్ తెరమీద కనిపించే మాట ‘నెగ్లిజెన్స్’. డ్రైవర్ నెగ్లిజెన్స్, డాక్టర్ల నెగ్లిజెన్స్, అధికారుల నెగ్లిజెన్స్. తెలుగులో అన్నిటికీ ఒకటే ముద్ర... ‘నిర్లక్ష్యం’. అది హెడ్డింగ్‌లో బాగా కూర్చుంటుంది. చదివేవాళ్లకి వెంటనే కోపం తెప్పిస్తుంది. కానీ ఈ రెండు మాటలూ నిజంగా ఒకటేనా అన్న అనుమానం నాకు చాలాకాలంగా ఉంది. మా ఇంట్లో ఒక కోర్టు కాగితం వచ్చాక అది అనుమానంగా మిగల్లేదు. ఆ కాగితం సంగతి తర్వాత. ముందు మాట సంగతి చూద్దాం.

ఏరుకోకపోవడం

నెగ్లిజెన్స్ లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ ‘నెగ్లెగెరె’ అని ఒక క్రియ ఉంది. అందులో మొదటి ముక్కకి ‘కాదు, లేదు’ అని అర్థం. రెండో ముక్క ‘లెగెరె’కి ఏరడం, ఎంచుకోవడం, చదవడం అని అర్థాలు. అంటే ఏరుకోవాల్సినదాన్ని ఏరుకోకుండా వదిలేయడం. మనం రోజూ వాడే సెలెక్ట్, కలెక్ట్, లెక్చర్ కూడా ఆ ‘లెగెరె’ పిల్లలే. ఇంకో గమ్మత్తు ఏంటంటే నెగ్లిజెంట్‌కి సరిగ్గా వ్యతిరేక పదమైన ‘డిలిజెంట్’ కూడా ఆ ఇంటి బిడ్డే. ఒకరు శ్రద్ధగా ఏరి పట్టుకునేవాళ్లు, ఇంకొకరు వదిలేసేవాళ్లు.

ఫిజిక్స్ లెక్కల్లో ‘గాలి నిరోధం నెగ్లిజిబుల్ అనుకోండి’ అని ఉండేది గుర్తుందా? అంటే లెక్కలోకి తీసుకోనక్కర్లేనంత చిన్నది అని. అదీ ఈ కుటుంబమే. లెక్కలోకి తీసుకోనక్కర్లేనిది నెగ్లిజిబుల్. లెక్కలోకి తీసుకుని తీరాల్సినదాన్ని తీసుకోకపోతే నెగ్లిజెన్స్. మొత్తం కథ ఈ రెండు వాక్యాల్లోనే ఉంది.

కేర్‌లెస్ కథ వేరు. పాత ఇంగ్లిష్‌లో ‘కేర్’ అంటే దిగులు, బెంగ. కాబట్టి కేర్‌లెస్ అంటే మొదట్లో దిగులు లేనివాడు. అచ్చం మన ‘నిశ్చింత’ అన్నమాట! తర్వాత్తర్వాత ఆ మాట తిట్టుగా మారింది. దిగులు లేకపోవడాన్ని మెచ్చుకోడానికి ‘కేర్‌ఫ్రీ’ మిగిలింది. హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకి ఈ తేడా విడమర్చి చెప్పక్కర్లేదు. ‘బేఫికర్’గా ఉన్నాడంటే హాయిగా ఉన్నాడని. ‘లాపర్వా’గా ఉన్నాడంటే వాడి పని అయిపోయిందని.

ఇగ్నోర్ వేరు, నెగ్లెక్ట్ వేరు

ఇక వాడకం. మనవాళ్లు చాలామంది ‘నెగ్లిజెన్సీ’ అంటారు. ఎమర్జెన్సీ, ఏజెన్సీ, ఫ్రీక్వెన్సీ ఉన్నాయి కదా, ఆ బండిలో దీన్నీ ఎక్కించేశాం. ఇంగ్లిష్‌లో మాత్రం మాట ‘నెగ్లిజెన్స్’తోనే ఆగిపోతుంది. ‘హి ఈజ్ నెగ్లిజెన్స్’ అనకూడదు, ‘హి ఈజ్ నెగ్లిజెంట్’ అనాలి. ‘హి డిడ్ నెగ్లిజెన్స్’ కూడా కాదు, ‘హి నెగ్లెక్టెడ్ హిస్ డ్యూటీ’. ఇంటర్వ్యూల్లో, ఆఫీస్ మెయిల్స్‌లో పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇంతకన్నా ముఖ్యమైన తేడా ఇంకోటుంది. మెసేజ్ చూసి రిప్లై ఇవ్వని ఫ్రెండ్‌ని ‘నెగ్లెక్ట్ చేస్తున్నాడు’ అంటున్నాం. అది చాలాసార్లు ‘ఇగ్నోర్’ మాత్రమే. చూసి కూడా చూడనట్టు ఉండటం ఇగ్నోర్. దాన్ని ఎవరి విషయంలోనైనా చేయొచ్చు. క్రెడిట్ కార్డు కావాలా సార్ అని ఫోన్ చేసే అమ్మాయిని ఇగ్నోర్ చేస్తాం, నెగ్లెక్ట్ చేయలేం. ఎందుకంటే ఆమె బాగోగులు చూసే బాధ్యత మనమీద లేదు. ముసలి తల్లిదండ్రుల్ని నెగ్లెక్ట్ చేయొచ్చు. పెంచుకుంటున్న కుక్కని చేయొచ్చు. షుగర్ ఉన్నవాడు తన ఒంటినే నెగ్లెక్ట్ చేయొచ్చు.

అంటే నెగ్లిజెన్స్ అనాలంటే ముందుగా అక్కడ ఒక బాధ్యత ఉండి తీరాలి. బాధ్యత లేనిచోట ఈ మాటకి చోటే లేదు.

సీసాలో నత్త

ఈ ‘బాధ్యత’ ఎవరికి ఎవరిమీద ఉంటుందన్న ప్రశ్నని తేల్చిన కేసు ఒకటుంది. లా చదివే పిల్లలందరికీ తెలుసు, మిగతావాళ్లకీ తెలియాల్సిన కథ.

1928 ఆగస్టు 26. స్కాట్లాండ్‌లోని పైస్లీ అనే ఊళ్లో మే డొనహ్యూ అనే ఆవిడ స్నేహితురాలితో కలిసి ఒక కేఫ్‌కి వెళ్లింది. స్నేహితురాలు ఆమెకి ఐస్‌క్రీమ్, జింజర్ బీర్ ఇప్పించింది. సీసా ముదురు రంగుది, లోపలేముందో కనపడదు. సగం తాగాక మిగతాది వంచితే అందులోంచి కుళ్లిన నత్త పడిందని, దాంతో తనకి జబ్బు చేసిందని ఆవిడ కేసు వేసింది.

చిక్కేంటంటే ఆ సీసా కొన్నది ఆవిడ కాదు, స్నేహితురాలు. కొనని మనిషికీ, తయారుచేసిన కంపెనీకీ మధ్య ఒప్పందం ఏముంది? ఏమీ లేదు. ఐనా 1932 మే 26న బ్రిటన్‌లోని హౌస్ ఆఫ్ లార్డ్స్ 3-2 తేడాతో ఆవిడ వైపు నిలబడింది. నువ్వు చేసే పని వల్ల ఎవరికి నష్టం జరగొచ్చో నువ్వు ముందే ఊహించగలిగితే, వాళ్లంతా నీ పొరుగువాళ్లే, వాళ్ల విషయంలో జాగ్రత్త పడాల్సింది నువ్వే... లార్డ్ ఆట్కిన్ తీర్పు సారాంశం ఇది. సీసాలో నిజంగా నత్త ఉందో లేదో మాత్రం చివరిదాకా తేలనే లేదు. ఈలోగా తయారీదారు చనిపోవడంతో కేసు రాజీతో ముగిసింది.

మన దేశంలో కోర్టులు కూడా నెగ్లిజెన్స్‌ని దాదాపు ఇదే దారిలో చూస్తాయి. బాధ్యత ఉందా? ఆ బాధ్యత తప్పారా? ఆ తప్పడం వల్లే నష్టం జరిగిందా? మూడిటికీ ‘అవును’ అని జవాబు రావాలి. ఇక్కడ ఒక విషయం గమనించండి. ‘ఈ మనిషి ఎలాంటివాడు’ అన్న ప్రశ్న ఈ మూడిట్లోనూ లేదు. మామూలు వివేకం ఉన్న మనిషి ఆ చోట ఉంటే ఏం చేసేవాడు, ఇతను ఏం చేశాడు, అంతే.

పిన్నికి వచ్చిన కాగితం

మా బాబాయి జాగ్రత్తకి మారుపేరు. రాత్రి పడుకునే ముందు గ్యాస్ నాబ్ రెండుసార్లు చూసేవాడు. కరెంటు బిల్లులు ఏడాది వారీగా దారం కట్టి పెట్టేవాడు. బండి ఆర్‌సీ జిరాక్స్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి జేబులో ఉంచుకునేవాడు. పక్క వీధిలోకి వెళ్లినా హెల్మెట్టే. మేం నవ్వేవాళ్లం.

ఒక సాయంత్రం మెయిన్ రోడ్డు మీంచి మా ఊరి దారిలోకి కుడివైపు తిరుగుతుండగా వెనకనుంచి ఓవర్‌టేక్ చేస్తూ వచ్చిన వ్యాను కొట్టింది. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. పోలీసులు ఎఫ్‌ఐఆర్‌లో ఎప్పటి మాటే రాశారు... డ్రైవరు ‘అతివేగంగా, అజాగ్రత్తగా’ నడిపాడని. ఇంగ్లిష్‌లో ‘రాష్ అండ్ నెగ్లిజెంట్’ అనే జంటకి మన స్టేషన్లలో తెలుగు అది.

నష్టపరిహారం కోసం ట్రిబ్యునల్‌లో కేసు వేస్తే నాలుగేళ్లు నడిచింది. బాబాయి ఇండికేటర్ వేయలేదని, వెనక్కి చూసుకోకుండా తిరిగాడని అవతలి లాయరు వాదించాడు. చివరికి తప్పులో 80 శాతం వ్యానుదని, 20 శాతం బాబాయిదని తేల్చారు. దీన్నే ‘కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్’ అంటారు. అంటే ప్రమాదంలో దెబ్బతిన్న మనిషి వైపు కూడా కొంత తప్పు ఉండటం. అతని వాటా ఎంతో లెక్కకట్టి పరిహారంలో అంత కోత వేస్తారు.

మా లాయరు గారి గుమస్తా ఆ ఇంగ్లిష్ కాగితాన్ని పిన్నికి తెలుగులో చెప్పాడట. ‘మీ ఆయన నిర్లక్ష్యం కూడా ఇరవై శాతం ఉందమ్మా, అందుకే తగ్గించారు.’

ఆ రాత్రి పిన్ని నాకు ఫోన్ చేసింది. డబ్బు ఎంత తగ్గిందో అడగలేదు.

‘‘ఆయనది నిర్లక్ష్యమంట నాన్నా. ముప్ఫై ఏళ్లు కాపురం చేశాను, నాకు తెలీదా? పక్కింటికెళ్లినా తాళం మూడుసార్లు లాగి చూసే మనిషి. కోర్టు కాగితం మీద ఆయన పేరు పక్కన అంత మాట రాస్తారా? రేపు పిల్లలు చదువుతారు కదా.’’

నేను ఆ కాగితం ఫొటో తెప్పించుకుని చదివాను. చదివాక నాకు అర్థమైనట్టుగా చెప్పాను. ‘‘పిన్నీ, ఇది బాబాయి ఎలాంటి మనిషో చెప్పే కాగితం కాదు. ఆయన బతుకంతా కోర్టు చూడలేదు, చూడదు కూడా. ఆ మలుపు దగ్గర, ఆ రెండు సెకన్లలో, ఒక్కసారి వెనక్కి చూసి ఉండాల్సింది, చూడలేదు అంటోంది. అంతే. ‘నెగ్లిజెన్స్’ అంటే వాళ్ల భాషలో ఆ రెండు సెకన్లు. మనం వాడే నిర్లక్ష్యం కాదు.’’

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది, ‘‘అయితే ఆ మాటే రాయొచ్చుగా. రెండు సెకన్లని.’’

దానికి నా దగ్గర జవాబు లేదు. ఏ డిక్షనరీలోనూ దొరకని విమర్శ అది. ఒక మనిషి చేసిన పనిని కొలిచే మాటని మనం మనిషిని కొలిచే మాటతో తెలుగు చేస్తున్నాం. ఇంగ్లిష్‌లో ‘నెగ్లిజెంట్ యాక్ట్’ అంటే పనికి తగిలే విశేషణం. తెలుగులోకొచ్చేసరికి ‘నిర్లక్ష్యపు మనిషి’ అయిపోతాడు.

పిన్ని అప్పీలు వేసింది. ట్రిబ్యునల్ తీర్పు మీద హైకోర్టుకి వెళ్లడానికి 90 రోజుల గడువుంటుంది, ఆలోపే వేయించింది. బాబాయి తప్పు ఉందన్న సంగతిని రుజువు చేయాల్సింది అలా అన్నవాళ్లేనని లాయరు గారు ధైర్యం చెప్పారు. 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పునూ చూపించారు. అందులో ఒక బైక్ మీద ముగ్గురు వెళ్తున్నారు. అది ట్రాఫిక్ నిబంధనకి విరుద్ధమే. కానీ ముగ్గురెక్కడం వల్లే ప్రమాదం జరిగిందనో, దెబ్బ పెద్దదైందనో చూపించకుండా, ఊరికే ముగ్గురున్నారు కాబట్టి నెగ్లిజెన్స్ అంటే కుదరదని కోర్టు అంది. రూల్ తప్పడం వేరు, ఆ తప్పడం వల్లే నష్టం జరగడం వేరు. చూడండి, మాటని ఎంత జాగ్రత్తగా వాడాలో కోర్టులకి కూడా ఎవరో ఒకరు గుర్తుచేస్తూ ఉండాల్సిందే.

ఒకరికి బరువు, ఒకరికి దూది

మా పిన్నికి ఆ మాట మోయలేనంత బరువైంది. ఇదే మాట ఇంకోచోట దూదిపింజలా తేలికైపోయింది. అది భోపాల్.

1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు లీకై వేలమంది చనిపోయారు. భారతీయ అధికారుల మీద మొదట పెట్టిన కేసు ఐపీసీ 304లోని రెండో భాగం కింద. ప్రాణాలు పోతాయని తెలిసి కూడా చేసిన పనికి వర్తించే సెక్షన్ అది. గరిష్ఠ శిక్ష పదేళ్లు. 1996లో సుప్రీంకోర్టు దాన్ని 304-ఏ కిందికి మార్చింది. అది ‘నెగ్లిజెన్స్’ సెక్షన్. గరిష్ఠ శిక్ష రెండేళ్లు. 2010 జూన్ 7న భోపాల్ కోర్టు ఏడుగురికి వేసింది ఆ రెండేళ్లే.

పదేళ్లకీ రెండేళ్లకీ మధ్య ఉన్న తేడా ఒక్క ప్రశ్న. ‘వాళ్లకి తెలుసా?’ అపాయం ఉందని తెలిసీ ముందుకెళ్తే అది ఒక నేరం. తెలుసుకోవాల్సింది తెలుసుకోకపోతే, పడాల్సిన జాగ్రత్త పడకపోతే అది ఇంకో నేరం. రెండో గదిలోకి జరగగానే శిక్ష అయిదో వంతుకి పడిపోయింది. బాధితుల కుటుంబాలకి కోపం ఎందుకొచ్చిందో దీన్నిబట్టే అర్థమవుతుంది. వాళ్లు కొట్లాడింది కూడా ఒక మాట మీదే.

2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 106వ సెక్షన్ ప్రకారం నెగ్లిజెన్స్ వల్ల ప్రాణం పోతే శిక్ష ఐదేళ్ల దాకా ఉండొచ్చు. వైద్యం చేస్తుండగా జరిగితే డాక్టర్లకి రెండేళ్ల దాకా. డాక్టర్ల మీద క్రిమినల్ కేసు నిలబడాలంటే మామూలు పొరపాటు చాలదని, తప్పు చాలా తీవ్రమైనదై ఉండాలని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. ఆస్పత్రిలో ఎవరైనా చనిపోగానే ‘వైద్యుల నిర్లక్ష్యం’ అని మనం పెట్టే పోస్టుకీ, కోర్టు అనే ‘నెగ్లిజెన్స్’కీ మధ్య ఎంత దూరం ఉందో చూశారా? కొన్నిసార్లు ఆ పోస్టు నిజమే కావచ్చు. కానీ విచారణ మొదలవకముందే తీర్పు రాసేసే మాట అది.

మన దగ్గర మాటలు లేకనా?

తెలుగులో మాటలకి కొదవుంటే సరే అనుకోవచ్చు. ఉన్నవి చూడండి.

ఏమరుపాటు: మనసు ఒక్క క్షణం పక్కకి పోవడం. ఎంత మంచివాళ్లకైనా జరిగేది.

పరాకు: ధ్యాస ఇంకెక్కడో ఉండటం. సినిమాల్లో రాజు గారు వస్తుంటే ‘బహుపరాక్’ అని అరుస్తారే, అది మాత్రం ‘హెచ్చరిక’ అనే అర్థంలో.

అజాగ్రత్త: తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకోకపోవడం.

అశ్రద్ధ: పని మీద మనసు పెట్టకపోవడం. పంటి నొప్పిని అశ్రద్ధ చేస్తాం, చదువుని అశ్రద్ధ చేస్తాం.

ఉపేక్ష: తప్పు కళ్లముందే జరుగుతున్నా పోనీలే అని ఊరుకోవడం. పై అధికారులు చేసేది ఎక్కువగా ఇదే.

నిర్లక్ష్యం: లక్ష్యపెట్టకపోవడం. తెలుసు, అయినా లెక్కచేయడు. ఖాతరు లేదు.

తెగింపు: ఏమైతే అదవనీ అని దూసుకెళ్లడం. ఫోన్‌లో రీల్ చూస్తూ ఒంటిచేత్తో బండి నడిపేవాడిది నా లెక్కలో ఏమరుపాటు కాదు, ఇదే.

ఇది మెట్ల వరస. ఏమరుపాటు అట్టడుగు మెట్టు, తెగింపు పై మెట్టు. ఇంగ్లిష్ ‘నెగ్లిజెన్స్’ మధ్య మెట్ల దగ్గర, ముఖ్యంగా ‘అజాగ్రత్త’ దగ్గర నిలబడుతుంది. ఆ విషయం మన పోలీస్ స్టేషన్ రైటర్లకి తెలుసు, అందుకే ‘అజాగ్రత్తగా’ అని రాస్తారు. మీడియాలో మేమే దాన్ని మూడు మెట్లు పైకెక్కించి ‘నిర్లక్ష్యం’ చేశాం. దాంతో ఏమైందంటే, క్షణకాలం ఏమరినవాడూ, తెలిసి తెలిసి వందమంది ప్రాణాలతో ఆడుకున్నవాడూ ఒకే మాట కింద నిలబడుతున్నారు. చిన్నవాడికి అన్యాయం, పెద్దవాడికి లాభం.

అందుకే ఈమధ్య డెస్క్‌లో నేనొక పద్ధతి పెట్టుకున్నా. ‘నెగ్లిజెన్స్’ కనపడగానే మూడు ప్రశ్నలు వేసుకుంటా. ఎవరి బాధ్యత? వాళ్లకి ముందే తెలుసా? ఏం చేయాల్సి ఉండి చేయలేదు? మూడోదానికి జవాబు దొరికితే చాలాసార్లు ఆ పెద్ద మాటే అక్కర్లేదు. ‘అధికారుల నిర్లక్ష్యంతో బాలుడి మృతి’ అనే బదులు ‘మ్యాన్‌హోల్‌కి మూత పెట్టలేదు, బాలుడు మృతి’ అని రాయొచ్చు. మొదటిది చదివి అయ్యో అంటాం. రెండోది చదివితే మూత పెట్టాల్సింది ఎవరు అని అడుగుతాం.

మీకూ ఇది పనికొస్తుంది. తమ్ముడిని ‘నీకు నెగ్లిజెన్స్ ఎక్కువ’ అనకండి, దానికి వాడి దగ్గర జవాబుండదు, కోపమే ఉంటుంది. ‘మోటార్ ఆపలేదు’ అనండి. వెళ్లి ఆపుతాడు. యాక్సిడెంట్ వీడియో కింద కామెంట్ పెట్టేముందు ఒక్క క్షణం ఆగండి. ఆ కామెంట్లు వాళ్లింట్లో ఒక భార్య చదువుతుంది, ఒక కూతురు చదువుతుంది.

ఇంకొక్క మాట. ‘జాగ్రత్త’ అనే పదం సంస్కృతంలో ‘మేలుకుని ఉండటం’ అనే అర్థం నుంచి వచ్చింది. ఇంట్లోంచి బయల్దేరే ప్రతిసారీ వెనకనుంచి అమ్మో, నాన్నో, నాయనమ్మో అనే మాట అదే కదా. మనం చెప్పులేసుకుంటూ, ఫోన్ చూసుకుంటూ ‘ఆ ఆ’ అనేసి వెళ్లిపోతాం. వాళ్లు మనల్ని కేర్‌లెస్ అనడం లేదు. మేలుకుని ఉండు, మళ్లీ ఇంటికి రా అంటున్నారు.